కెనడాలో హనీమూన్: ముందు నెల, తర్వాతే ఊరు

పెళ్ళి కుదిరిన ఇళ్ళ నుంచి నాకు వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "వారం సెలవు దొరికింది. నయాగరా చూసుకుని, అటునుంచటే బాన్ఫ్ కొండలకి వెళ్దామనుకుంటున్నాం, కుదురుతుందా?" టొరంటో నుంచి ఆ కొండలకి దారి అయిన కాల్గరీ వరకు రోడ్డు మీద సుమారు 3,400 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌కి దూరం ఇంతకంటే కాస్త ఎక్కువ, అంతే. విమానంలో వెళ్ళినా ఎయిర్‌పోర్టులకే ఒక రోజు పోతుంది.

అడిగిన ప్రతివాళ్ళకీ విడిగా చెప్పే బదులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకీ, అమెరికాలో ఉండి వచ్చేవాళ్ళకీ, ఇక్కడే టొరంటో చుట్టుపక్కల ఉంటున్నవాళ్ళకీ పనికొస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పెళ్ళి తేదీ, ఇద్దరి ఆఫీసులూ ఒప్పుకున్న సెలవు. "అడుగుతాలే" అన్న సెలవు లెక్కలోకి రాదు.
- ఇద్దరి పాస్‌పోర్టులు.
- కెనడా డాలర్లలో ఒక్క అంకె: ఇంతకు మించి ఖర్చు పెట్టం అని.
- కారు నడిపే మనిషి పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు.
- రెండు కాగితాలు, రెండు పెన్నులు. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.

1. ముహూర్తం నెలను బట్టి దేశంలో సగం కొట్టేయండి

అందరూ ఊరు ఎంచుకుని తర్వాత నెల చూస్తారు. ఇక్కడ అది తలకిందులు చేయాలి. ఫొటోలో నీలంగా మెరిసే బాన్ఫ్ దగ్గరి సరస్సు లేక్ లూయీస్ మామూలుగా జూన్ మొదటి వారాల దాకా మంచు గడ్డే. మే నెలలో వెళ్ళి తెల్లటి మైదానం చూసి వచ్చిన జంటలు చాలామంది ఉన్నారు.

మాఘం, ఫాల్గుణంలో (ఫిబ్రవరి, మార్చి) పెళ్ళయితే చలికాలపు కెనడానే చూడండి. క్విబెక్ సిటీ, మంచులో బాన్ఫ్, ఉత్తర కాంతుల (రాత్రి ఆకాశంలో కదిలే అరోరా వెలుగుల) కోసం ఉత్తరాన ఎల్లోనైఫ్. మూడింటిలో ఏదైనా సరే. నయాగరా కూడా అప్పుడు అంచుల్లో గడ్డకట్టి అందంగా ఉంటుంది, గదులు చవక. జలపాతం కిందకి వెళ్ళే పడవలు మాత్రం ఉండవు.

చైత్రం, వైశాఖం (ఏప్రిల్, మే) కష్టమైన కాలం. కొండల్లో మంచు పోదు, ఊళ్ళలో పచ్చదనం ఇంకా రాదు, ఎక్కడ చూసినా బురద. ఈ నెలల్లో పడమటి తీరానికి వెళ్ళండి: వాంకూవర్, విక్టోరియా. అక్కడ పూలు ముందే వచ్చేస్తాయి. మే చివర, జూన్ మొదట్లో అయితే న్యూఫౌండ్‌లాండ్ తీరం వెంట మంచు కొండలు సముద్రంలో తేలుతూ పోవడం చూడొచ్చు. మనవాళ్ళు అక్కడికి వెళ్ళడం తక్కువ. వెళ్ళాలి.

జ్యేష్ఠం పెళ్ళిళ్ళకి జూన్ రెండో సగం రాకీ కొండలకి (బాన్ఫ్, జాస్పర్ ఉన్నవి ఇవే) సరైన సమయం. ఆ వెంటనే ఆషాఢం. ఇక్కడికది సరిగ్గా మంచి వేసవి. అత్తా కోడలూ ఒక గడప దాటకూడదన్న ఇళ్ళలో, కొత్త జంట మొత్తం ఆ గడపలకే దూరంగా పోవడం పెద్దవాళ్ళకీ అభ్యంతరం లేని ఉపాయమని ఒక పిన్నిగారు నాతో అన్నారు. ధరలు మాత్రం ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ అప్పుడే.

శ్రావణం (ఆగస్టు) తూర్పు తీరానిది: ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, నోవా స్కోషియా. రాకీలకీ వెళ్ళొచ్చు కానీ జూలై, ఆగస్టుల్లో అడవి మంటల పొగ పట్టే రోజులుంటాయి. 2024 జూలైలో జాస్పర్ ఊళ్ళోనే చాలా కట్టడాలు కాలిపోయాయి.

సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో సెలవు దొరికితే అదృష్టం. ఒంటారియో, క్విబెక్ అడవులు ఎర్రబడతాయి. బాన్ఫ్ వైపు లార్చ్ చెట్ల సూదులు బంగారు రంగుకి తిరుగుతాయి.

ఇక కార్తీకం. నిజం చెప్పాలంటే నవంబరు కెనడాకి మంచి నెల కాదు. ఆకులు రాలిపోయి, మంచు సరిగా పడక, వాంకూవర్‌లో వాన ఆగక, సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది. నా మాట వింటే మూడు వారాలు ఆగి డిసెంబరులో రండి. తప్పదంటే పడమటి తీరంలో టోఫినోకి వెళ్ళి, సముద్రం ఎదుట గది తీసుకుని తుఫాను అలలు చూస్తూ కూర్చోండి. అక్కడ ఆ నెలల్లో పనే అది.

2. ఇద్దరూ విడివిడిగా రాయండి

చెరో కాగితం తీసుకుని, మాట్లాడుకోకుండా, వద్దనుకునేవి మూడు రాయండి. కావాల్సినవి రాయమంటే అందరూ "కొండలు, ప్రకృతి" అనే రాస్తారు. వద్దన్న వాటిలోనే అసలు సంగతి బయటపడుతుంది: "పొద్దున్నే ఐదింటికి లేవను", "నడక ఎక్కువ ఉంటే మోకాలు నొప్పి", "చలి పడదు", "రోజూ పెట్టె సర్దలేను". పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో ఇవి ఒకరికొకరికి తెలిసి ఉండవు. మొహమాటం కొద్దీ చెప్పుకోరు కూడా. తర్వాత కాగితాలు మార్చుకోండి. అటూ ఇటూ ఉన్న ఆరింటినీ తప్పించే ఊరే మీది.

3. ఒక్క మూలే ఎంచుకోండి

పది రాత్రుల లోపు ప్రయాణమైతే ఒక్క ప్రాంతం. రెండో ప్రాంతాన్ని తగిలించే ఆలోచన వస్తే ఇంకో ఏడాదికి దాచుకోండి.

*రాకీ కొండలు.* కాల్గరీలో దిగితే బాన్ఫ్‌కి 150 కిలోమీటర్ల లోపే. కెనడా మొదటి జాతీయ పార్కు ఇదే, 1885 నాటిది. జూలైలో ఊళ్ళో గది రాత్రికి 400 డాలర్లు దాటడం మామూలు. అంత వద్దనుకుంటే పార్కు గేటు బయట క్యాన్‌మోర్‌లో ఉండండి. ఇరవై నిమిషాల దూరం, బస్సులు తిరుగుతాయి.

జనం మోసపోయేది లేక్ లూయీస్ దగ్గర్లోని ఇంకో సరస్సు, మొరేన్ లేక్ దగ్గర. 2023 నుంచి ఆ రోడ్డు మీదకి సొంత కార్లు, అద్దె కార్లు రానివ్వరు. పార్క్స్ కెనడా షటిల్‌లో కానీ, అనుమతి ఉన్న టూరు బస్సులో కానీ వెళ్ళాలి. రోడ్డు తెరిచి ఉండేది కూడా జూన్ నుంచి అక్టోబరు మధ్య దాకానే. షటిల్ సీట్లు కొన్ని వసంతంలోనే అమ్ముతారు, మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు పొద్దున విడుదల చేస్తారు. మొదటి విడత పోయిందని ఏడవకండి, రెండో విడతకి అలారం పెట్టుకోండి. అలారం మాత్రం అక్కడి టైము ప్రకారం. టొరంటోకీ కాల్గరీకీ రెండు గంటల తేడా ఉంది.

లేక్ లూయీస్ నుంచి జాస్పర్‌కి వెళ్ళే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే 230 కిలోమీటర్లు. మ్యాపులో మూడు గంటలు చూపిస్తుంది. ఆ మాట నమ్మకండి. మలుపు మలుపుకీ ఆగుతారు, రోజంతా పడుతుంది. దారిలో ఫోను సిగ్నల్ దాదాపు ఉండదు. పెట్రోలు బంకు మధ్యలో ఒక్కటే, అదీ చలికాలంలో మూసేస్తారు. ట్యాంకు నింపి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరండి. ఎలుగుబంటి కనిపిస్తే కారు దిగి సెల్ఫీ వద్దు. వంద మీటర్ల దూరం ఉండాలని పార్కు నియమం.

*నయాగరా.* హనీమూన్ ఊరుగా దీనికి పాత పేరు. టొరంటో నుంచి కారులో గంటన్నర, రెండు గంటలు. గుర్రపు నాడా ఆకారపు జలపాతం కెనడా వైపు నుంచే ఎదురుగా కనిపిస్తుంది. ఒకటి, ఎక్కువంటే రెండు రాత్రులు చాలు. ఇక్కడ డబ్బు పెట్టదగ్గది ఒకటే, జలపాతం కనిపించే గది. బుక్ చేసేటప్పుడు "సిటీ వ్యూ" అని ఉంటే కిటికీలోంచి పార్కింగ్ చూస్తారు. బిల్లులో టూరిజం పేరుతో అదనపు రుసుము కనిపిస్తే ఏమిటని అడగండి. అది ప్రభుత్వ పన్ను కాదు, అడిగితే తీసేసే చోట్లున్నాయి.

*క్విబెక్ సిటీ.* చలికాలంలో నా మొదటి ఓటు దీనికే. 1608లో వెలసిన ఊరు, కోట గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి, పాత బస్తీ మొత్తం నడిచి తిరగొచ్చు. పక్కనే మాంట్‌మొరెన్సీ జలపాతం 83 మీటర్లు, ఎత్తులో నయాగరాని మించింది. జనవరి నుంచి మార్చి దాకా దగ్గర్లో మంచుతో కట్టిన హోటల్ ఉంటుంది. పగలు టికెట్ కొని చూసి రండి. అందులో నిద్రపోవడం మీద నాకు నమ్మకం లేదు. రాత్రి స్లీపింగ్ బ్యాగులోంచి లేచి బాత్రూముకి వెళ్ళాల్సి వస్తే సరదా అంతా దిగిపోతుంది. మాట ఫ్రెంచి, అయినా హోటళ్ళలో ఇంగ్లీషుతో గడిచిపోతుంది. షాపులోకి అడుగు పెడుతూ "బోంజూర్" అంటే మర్యాద.

*ఎల్లోనైఫ్.* ఉత్తర కాంతులకి. ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా. జూన్, జూలైల్లో అక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు కాబట్టి కాంతులు కనపడవు. వేసవి సెలవులని టికెట్ కొనేసి నాకు ఫోను చేసినవాళ్ళున్నారు. చలికాలంలో మైనస్ 30 మామూలు. చలి పడదని కాగితంలో రాసుకుంటే సెప్టెంబరులో వెళ్ళండి. సరస్సు గడ్డకట్టదు కాబట్టి కాంతి నీళ్ళలోనూ కనిపిస్తుంది. ఎప్పుడు వెళ్ళినా కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. ఒక్క రాత్రి మబ్బు పట్టిందంటే అంతే.

*పడమటి తీరం, తూర్పు దీవులు.* వాంకూవర్ నుంచి విక్టోరియాకి కారుతో సహా ఫెర్రీ, గంటన్నర పైచిలుకు. నిదానంగా తిరిగే జంటకి ఇంతకంటే సుఖమైనది లేదు. తూర్పున ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కి సముద్రం మీద దాదాపు 13 కిలోమీటర్ల వంతెన, దిగితే ఎర్ర ఇసుక తీరాలు. పక్కనే నోవా స్కోషియాలో కాబట్ ట్రైల్ సుమారు 300 కిలోమీటర్ల చుట్టు రోడ్డు. కారు లేకపోతే తూర్పు వైపు అసలు పెట్టుకోకండి.

4. వీసా తేలేదాకా తిరిగి రాని డబ్బు కట్టకండి

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి విజిటర్ వీసా కావాలి, వేలిముద్రలు ఇవ్వాలి. "అమెరికా వీసా ఉంటే ఆన్‌లైన్‌లో ఈటీఏ (వీసా బదులు ఇచ్చే ప్రయాణ అనుమతి) తీసుకుంటే చాలు" అనే మాట చాలా తిరుగుతోంది. ఆ వెసులుబాటు కొన్ని ఎంపిక చేసిన దేశాల వాళ్ళకే, అందులో ఇండియా లేదు. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా, దాని మీద కుటుంబానికిచ్చే హెచ్4 మీద ఉన్నవాళ్ళకీ కెనడా వీసా తప్పదు. గ్రీన్‌కార్డు ఉంటే వీసా అక్కర్లేదు, చెల్లే పాస్‌పోర్టూ కార్డూ రెండూ దగ్గరుండాలి. పెళ్ళికొడుక్కి గ్రీన్‌కార్డు ఉందని పెళ్ళికూతురికి కూడా అక్కర్లేదనుకోకండి.

అమెరికా నుంచి వచ్చేవాళ్ళు తిరిగి వెళ్ళే సంగతి ముందు చూసుకోండి. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు తీరినా, ఐ-94 (అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుతుంటే, 30 రోజుల లోపు కెనడా నుంచి వెనక్కి వెళ్ళే నియమం ఒకటుంది. దానికి షరతులున్నాయి, మీ కంపెనీ లాయరుని అడిగాకే బయల్దేరండి.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పెళ్ళయిన ఉత్సాహంలో అమ్మాయి పేరుకి అత్తింటి ఇంటిపేరు తగిలించి బుక్ చేస్తే కౌంటర్ దగ్గర తిప్పలు. వీసా దరఖాస్తులో సెలవు లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్లతో పాటు శుభలేఖ కూడా పెట్టండి. ప్రయాణానికి కారణం చూపించే కాగితమే కదా.

5. రాత్రులు లెక్కపెట్టండి, రోజులు కాదు

ఎన్ని రాత్రులు ఏ ఊళ్ళో పడుకుంటారో రాయండి. ఏడు రాత్రులకి రెండు హోటళ్ళు బాగు, మూడు ఫరవాలేదు, నాలుగైతే పెట్టెలు సర్దడమే హనీమూన్. ఇండియా నుంచి వస్తుంటే మొదటి రెండు రాత్రులు టికెట్ కొన్న కార్యక్రమం ఏదీ పెట్టుకోకండి. పెళ్ళి అలసట, జెట్ లాగ్ కలిసి మధ్యాహ్నం మూడింటికే కళ్ళు మూతలు పడతాయి.

చుట్టాల మాట కూడా ఇక్కడే. "బ్రాంప్టన్‌లో పెద్దమ్మ వాళ్ళబ్బాయి ఉన్నాడు, అక్కడ దిగుతాం" అంటే మొదటి మూడు రోజులు భోజనాలకే పోతాయి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పిలుపులు వస్తాయి, బట్టలు పెడతారు, కాదనలేరు. చుట్టాలను ఆఖరి రోజుకి పెట్టుకోండి, తిరుగు విమానం రాత్రికి ఉండగా. పెట్టిన బట్టలు పెట్టెలో వేసుకుని నేరుగా ఎయిర్‌పోర్టుకి పోవచ్చు.

6. కారా, బస్సా?

ఇండియా లైసెన్సుతో నడపాలంటే ఇంటర్నేషనల్ పర్మిట్ ఆర్టీఏ ఆఫీసులో తీసుకుని రండి. నియమాలు ప్రావిన్సుకొకటి, అద్దె కంపెనీకొకటి, ముందే అడగండి. ఇక్కడ కుడి వైపు నడపాలి. మంచులో ఎప్పుడూ నడపని వాళ్ళు చలికాలంలో కారు జోలికి పోకపోవడం మంచిది. నడిపి తీరాలంటే చలికాలపు టైర్లు ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి. క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అవి చట్టప్రకారం తప్పనిసరి. కారు లేకుండా సాగేవి నాలుగు: నయాగరా, క్విబెక్ సిటీ, బాన్ఫ్ ఊరు, ఎల్లోనైఫ్ టూర్లు.

7. ఈ వరసలో బుక్ చేయండి

ముందు రద్దు చేసుకునే వీలున్న హోటల్, తర్వాత వీసా, తర్వాత విమానం, తర్వాత కారు, ఆఖర్న షటిల్, పడవ టికెట్లు. బాన్ఫ్‌లో వేసవి గదులకి ఆరు నెలల ముందు చూడాలి. ధర చూసేటప్పుడు పన్ను విడిగా వేసుకోండి. ఆల్బర్టాలో అమ్మకపు పన్ను 5 శాతమే, ఒంటారియోలో 13, క్విబెక్‌లో దాదాపు 15. హోటళ్ళకి వేరే పన్నులు కూడా పడతాయి. రెస్టారెంట్లలో టిప్పు 15 నుంచి 20 శాతం.

8. పెట్టెలో ఏముండాలి

మైనస్ 30కి సరిపడే కోటు హైదరాబాద్‌లో కొనకండి. ఎల్లోనైఫ్ టూర్ల వాళ్ళే కోటూ బూట్లూ అద్దెకిస్తారు. బూటు ఒక సైజు పెద్దది తీసుకోండి. కొత్త పెళ్ళికూతురికి మెట్టెలుంటాయి కదా, మందపు సాక్సు వేసి బిగుతు బూటు తొడిగితే పావుగంటలో వేలు ఒరుసుకుపోతుంది. ఆ గాయంతో మంచులో నడవడం నరకం. సన్నని మెట్టెలు పెట్టుకుని రండి. బాన్ఫ్ వేడినీటి గుండంలో దిగే ముందు వెండివి తీసేయండి, గంధకం తగిలితే నల్లబడతాయి. ఫోను లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది. కెమెరాని గదిలోకి తెచ్చే ముందు బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగిస్తే లెన్సు మీద చెమ్మ పట్టదు.

పొడులు, పచ్చళ్ళు తెచ్చుకోండి, దిగగానే తిండి ఉందని డిక్లేర్ చేయండి. మాంసం పచ్చడి మాత్రం వద్దు. శాకాహారులు క్విబెక్‌లో పూటీన్ చూసి బంగాళాదుంపలే కదా అని తినేయకండి, పైన పోసే గ్రేవీ సాధారణంగా మాంసం రసంతో చేస్తారు. శాకాహార గ్రేవీ ఉందా అని అడగండి, చాలా చోట్ల ఉంటుంది.

ప్లాను సరిగా కుదిరిందా? ఇలా పరీక్షించండి

పోయిన ఏడాది ఇదే వారంలో జనం పెట్టిన ఫొటోలు చూడండి. హోటల్ వాళ్ళ ఫొటోలు కాదు, తేదీ ఉన్న మామూలు మనుషుల ఫొటోలు. సరస్సు నీలంగా లేకపోతే మీకూ ఉండదు.

ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడో చూసి, కారు ప్రయాణాలన్నీ వెలుతురులో ముగుస్తున్నాయో లేదో సరిచూడండి. డిసెంబరులో ఎల్లోనైఫ్‌లో పగలు ఐదు గంటలే.

ఏ రోజైనా డ్రైవింగ్ నాలుగు గంటలు దాటితే ఆ రోజు ఇంకేమీ రాయకండి. రాసి ఉంటే కొట్టేయండి.

రెండో మెట్టు కాగితాలు మళ్ళీ తీసి, వద్దన్న ఆరింటిలో ఏదైనా దొంగచాటుగా వచ్చి చేరిందేమో చూడండి. సూర్యోదయం ఫొటో కోసం పెట్టుకున్న తెల్లవారుజాము షటిలే సాధారణంగా ఆ దొంగ.

హోటల్ ఉచితంగా రద్దు చేసుకునే ఆఖరి తేదీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టండి, అసలు గడువుకి రెండు రోజుల ముందుగా. వేసవిలో రాకీలకి అయితే ఆ రోజు గాలి నాణ్యత సూచీ (కెనడాలో ఇది 1 నుంచి 10 పైదాకా ఉంటుంది), మంటల పటం చూడండి. పొగ పట్టి, సూచీ ఏడు దాటి, అలాగే ఉండేట్టుంటే రద్దు చేసుకుని వాంకూవర్ దీవి (విక్టోరియా, టోఫినో ఉన్నది అక్కడే) వైపు మళ్ళండి. సముద్రపు గాలి వల్ల అక్కడ చాలాసార్లు నయంగా ఉంటుంది, కానీ బుక్ చేసే ముందు అక్కడి సూచీ కూడా ఒకసారి చూడండి.